తిరుగుటపా

ప్రసూతి ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న గదికి ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. తలుపుకి లోపల గడియ వేసే ఉంటుంది. కిటికీ టికెట్ కౌంటరుకి ఉండేలాంటిది, జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. అవతల నిలబడ్డవాళ్ల మొహాలు కనిపించవు. చొక్కా బొత్తాలు, గాజులు, వణికే వేళ్లు, వేళ్ల మధ్య నలిగిన కాగితాలు కనిపిస్తాయి. పంతొమ్మిదేళ్లుగా ఆమె మనుషుల్ని ఆ మేరకే చూస్తోంది.

రక్తం ఇచ్చే గది అది. ఆమె అక్కడ టెక్నీషియన్. డ్యూటీకి ఒక్కరే ఉంటారు. ఆ డ్యూటీ ఉన్నంతసేపూ ఫ్రిజ్ తాళంచెవి వాళ్ల నడుముకే వేలాడాలి. చెవి ఇంకొకరికి ఇవ్వకూడదు, గది ఖాళీగా వదలకూడదు. బాత్రూముకి వెళ్లాలన్నా ఎదుటి లేబొరేటరీ నుంచి ఎవరినో పిలిచి గుమ్మంలో నిలబెట్టి వెళ్లాలి. భర్త బతికున్న రోజుల్లో అడిగేవాడు, "ఇంతకీ నువ్వు ఆ జైలుకి వార్డెనువా, ఖైదీవా?" అని. ఆమె నవ్వేది కాదు. ఆలోచించేది.

అసలు పేరు డ్యూటీ చార్టులో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఆసుపత్రి మొత్తానికి ఆమె తిరుగుటపా. పైన వార్డుల్లోంచి రక్తం కోసం వచ్చే ప్రతి శాంపిల్ ట్యూబు మీదా లేబుల్ ఉండాలి. పేరు, వయసు, మంచం నంబరు, తేదీ, టైము, రక్తం తీసినవాళ్ల సంతకం. అందులో ఒక్క అక్షరం అర్థం కాకపోయినా, ఒక్క అంకె మీద ఇంకో అంకె దిద్ది ఉన్నా ట్యూబు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కాగితాల మీద కొట్టివేతలున్నా అంతే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆమె ఒక లేబుల్ మీద మూడుని ఎనిమిదిగా చదివింది. ఆ ఎనిమిదో మంచం మనిషికి మూడు రోజులు జ్వరం కాసింది, అంతకంటే ఏమీ కాలేదు. అయినా ఆ మూడు ఎలా ఉందో ఆమెకి ఇప్పటికీ గుర్తు. పైభాగం ముడుచుకుని, తోక లోపలికి తిరిగి.

ట్యూబులు మోసుకొచ్చే ఆయాకి రిటైర్మెంటు ఇంకో ఏడాదే ఉంది. "మీ తిరుగుటపాలు మోసి మోసి నా మోకాళ్లు రిటైరైపోయాయి మేడమ్, నేనే ఇంకా అవలేదు," అంటుంది కిటికీలోంచి ట్రే అందుకుంటూ.

మూడు నెలల క్రితం ఒకే వారంలో పదకొండు ట్యూబులు వెనక్కి వెళ్లాయి. పన్నెండోది వెనక్కి వెళ్లినప్పుడు దాన్ని పట్టుకుని లేబర్ వార్డు నుంచి పొడుగు సిస్టరే దిగి వచ్చింది. ఆ ఎత్తుకి కిటికీలో ఆమె నడుం మాత్రమే కనిపించింది, మాటలు పైనుంచి వినబడ్డాయి.

"మేడమ్, మేం అక్కడ పురుళ్లు పోయాలా, కాపీరాత దిద్దాలా?"

"రెండూ చెయ్యండి."

"ఒక చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో సూది లాగి, మంచం అంచు మీద పెట్టి రాస్తే వంకర రాక ఏం వస్తుంది? ఆవిడ అరుపులకి మంచమే కదుల్తుంది!"

"వంకర వస్తే వెనక్కి వస్తుంది."

"మా తలరాతలు కూడా మీరే చూసి పంపుంటే బాగుండేది. ఈపాటికి బాగుపడేవాళ్లం."

తర్వాతి వారం నుంచి లేబర్ వార్డు లేబుళ్లు మారిపోయాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. గీత గీసి రాసినట్టు తిన్నటి వరసలు, గుండ్రటి అంకెలు. ఆ మూడు నెలల్లో అక్కడికి ఒక్క ట్యూబూ తిరిగి వెళ్లలేదు. ఆమె ఎవరితోనూ అనలేదు గానీ గెలిచాననుకుంది. ఆ రాత ఉన్నట్టుండి ఎలా కుదిరిందని మాత్రం అడగలేదు.

ఆ రోజు ఆమె కూతురు నాలుగో నంబరు మంచం మీద ఉంది. తెల్లవారుజామున నొప్పులొస్తే అల్లుడు తీసుకొచ్చి చేర్పించాడు. పొద్దుటి డ్యూటీకి ఉన్న ఇంకో టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు, కాబట్టి ఎనిమిదింటికి ఆమె గదిలోకి వెళ్లి గడియ వేసుకోవలసి వచ్చింది. వెళ్లేముందు కూతురి నుదురు తుడిచి, "పైనే ఉన్నావు, కిందే ఉన్నాను," అంది. ముందుగా ఒక ప్యాకెట్ రక్తం పక్కన పెట్టించుకోమని డాక్టరమ్మ సలహా ఇచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. అవసరం లేకుండా రక్తం పట్టిపెట్టుకోవడం అవసరమున్నవాళ్ల నోటి దగ్గరిది లాక్కోవడమేనని ఆమె అందరికీ చెప్పే మాట. సొంత కూతురు కదా అని మాట మార్చుకోలేకపోయింది.

పదకొండు దాటాక కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది. మణికట్టుకి స్టాప్‌వాచీ లాంటి పెద్ద గడియారం. అల్లుడు బళ్లో డ్రిల్లు మాస్టారు.

"అత్తయ్యా, ఆడపిల్ల! అచ్చం మీ పోలికే. పుడుతూనే అందరి వంకా కోపంగా చూసింది."

"దాని తల్లెలా ఉంది?"

"బాగుంది. నిద్రపోతోంది."

ఆమె ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని వదిలేసింది. తర్వాత చేతులు కడుక్కుంది.

పన్నెండూ పదికి ఆయా ట్రే కిటికీలో పెట్టింది. ట్రేలో రెండు ట్యూబులున్నాయి.

"నాలుగు, తొమ్మిది. ముందు తొమ్మిదికి చెయ్యమన్నారు, ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతున్నారు."

"నాలుగుకేమైంది?"

"కాన్పయ్యాక కొంచెం రక్తం పోతోందట. ముందుజాగ్రత్తకేనట. మీరు కంగారుపడకండి. అది మీ అమ్మాయని నేనసలు చెప్పనే లేదు, సరేనా?"

ఒక బల్ల మీద ఒక పేరు. అదీ ఆమె నియమమే. రెండు ట్యూబులు ఒకేసారి తెరిచి ఉంటే చెయ్యి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. నాలుగో నంబరు ట్యూబుని స్టాండులో పెట్టి తొమ్మిదో నంబరుది తెరిచింది. తెల్లటి పలక మీద రెండు రక్తపు చుక్కలు వేసి, ఒకదాంట్లో నీలం మందు, ఇంకోదాంట్లో పసుపు మందు కలిపింది. నీలం విరిగితే ఏ గ్రూపు, పసుపు విరిగితే బీ గ్రూపు. నీలం వేసిన చుక్క పాలు విరిగినట్టు రవ్వలు రవ్వలుగా విరిగింది. ఏ గ్రూపు. ఫ్రిజ్‌లోంచి ఏ గ్రూపు ప్యాకెట్ తీసి, ఆ రక్తాన్నీ ఈ రక్తాన్నీ కలిపి చూసింది. విరగలేదు, పొత్తు కుదిరింది. పన్నెండూ ముప్పై ఐదుకి సంతకం పెట్టించుకుని ప్యాకెట్ ఆయాకి ఇచ్చింది.

ఆయా మెట్లెక్కుతుండగానే ఫోను మోగింది. "నాలుగుకి రెండు ప్యాకెట్లు కావాలి, తొందరగా," అంది లేబర్ వార్డు నుంచి ఎవరో. ముందుజాగ్రత్త అన్న మాట ఈసారి రాలేదు.

ఆమె నాలుగో నంబరు ట్యూబు తీసుకుంది. లేబుల్ మీద కూతురి పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. పలక మీద రెండు చుక్కలు వేసి మందులు కలిపి పలకని అటూ ఇటూ వంచింది.

పసుపు చుక్క విరిగింది.

కూతురిది ఏ గ్రూపు. ఆరో ఏట సైకిల్ మీంచి పడ్డప్పుడు ఆమే చూసింది. కడుపుతో ఉన్న మూడో నెలలో మళ్లీ ఆమే చూసింది. విరగవలసింది నీలం చుక్క. మందు సీసాలు తారుమారయ్యాయేమోనని కొత్త పలక, కొత్త సీసాలు తీసి మళ్లీ చేసింది. పసుపు చుక్కే విరిగింది. బీ గ్రూపు.

ఈ ట్యూబులో ఉన్నది కూతురి రక్తం కాదు. రెండు ట్యూబులూ కలిసి వచ్చాయి. అంటే కూతురి రక్తం తొమ్మిదో నంబరు ట్యూబులో వచ్చి ఉండాలి. తొమ్మిదో నంబరుకి సరిపోయిందని ఇప్పుడే పంపిన ప్యాకెట్ సరిపోయింది తన కూతురికి. అది పైన ఇంకెవరి ఒంట్లోకో పోబోతోంది. గ్రూపు తప్పిన రక్తం నరంలోకి వెళ్తే ఆ పలక మీద జరిగిందే లోపల జరుగుతుంది. మూత్రపిండాలు మూసుకుపోతాయి. మనిషి దక్కకపోవచ్చు.

ఆపరేషన్ గదికి ఫోను చేసింది. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. రెండోసారి చేసింది. గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది. తాను పైకి పరిగెడితే, కూతురి దగ్గర్నుంచి కొత్త ట్యూబు వచ్చేసరికి ఈ గదిలో చూసేవాళ్లుండరు. చెయ్యి తీసేసింది.

కిటికీ అవతల పెద్ద గడియారమున్న చెయ్యి కనబడింది.

"బాబూ!"

"అత్తయ్యా, ప్యాకెట్లు ఇస్తారేమోనని వచ్చా. పైన అందరూ కంగారుగా..."

"పరిగెత్తు. రెండో అంతస్తు, ఆపరేషన్ గది. తలుపు కొట్టకు, తోసుకుని వెళ్లు. తొమ్మిదో నంబరు ఆవిడకి రక్తం ఆపమను. ఎక్కుతుంటే పీకేయమను. నేను చెప్పానను."

చెయ్యి కదల్లేదు. "తొమ్మిదా? మరి మీ అమ్మాయికో?"

"ముందు అది చెప్పు. తర్వాత లేబర్ వార్డుకెళ్లి ఇద్దరి దగ్గరా మళ్లీ రక్తం తీసి పంపమను. మంచం దగ్గర నిలబడి రాయమను. వెళ్లు!"

బూట్ల చప్పుడు మెట్ల మీద రెండేసి మెట్లుగా పైకి పోయింది.

ఆమె రెండు ట్యూబుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఏ అక్షరానికీ వంక పెట్టేందుకు లేదు. నాలుగో మంచం మీద ఎవరో పరాయి మనిషి ఉండి ఉంటే తనకి అనుమానమే వచ్చేది కాదు. ఆ గ్రూపుకి సరిపడే ప్యాకెట్లు తీసి, సంతకం పెట్టించుకుని, తన చేతుల్తోనే పంపి ఉండేది.

ఫోను మోగింది. డాక్టరమ్మ.

"మీ అల్లుడొచ్చాడు. తొమ్మిదోది ఆపేశాం. పది పదిహేను చుక్కలు పోయుంటాయి, చూసుకుంటున్నాం. నాలుగు గురించి చెప్పండి. రక్తం ఆగట్లేదు."

"కొత్త శాంపిల్ రావాలి డాక్టరమ్మా."

"తీస్తున్నారు. ఈలోపు ఓ గ్రూపు ఉంటే పంపండి."

"పొద్దున ఆపరేషన్లకి అయిపోయింది. కొత్తది సాయంత్రం వస్తుంది."

"మీ అమ్మాయి గ్రూపు మీకు తెలుసు కదమ్మా. ఏ గ్రూపు రెండు పంపేయండి. బాధ్యత నాది."

ఫ్రిజ్ రెండడుగుల దూరంలో ఉంది. గాజు తలుపు వెనక రెండో అరలో ఏ గ్రూపు ప్యాకెట్లు మూడున్నాయి. అవి ఇక్కణ్ణుంచే కనబడుతున్నాయి.

"నాకు తెలుసు డాక్టరమ్మా. ఈ బల్లకి తెలీదు. ఈ పూట ఏం తెలుసనుకున్నా నమ్మడానికి లేదు. గ్రూపు ఒక్కటైతే చాలదు, కలిపి చూడాలి. ట్యూబు పంపండి."

"మీరు తల్లేనా?"

ఫోను పెట్టేసిన చప్పుడైంది.

ఆమె పలకలు కడిగి తుడిచింది. కొత్త గాజు గొట్టాలు వరసగా పెట్టింది. మందు సీసాల మూతలు వదులు చేసి ఉంచింది. ఏ గ్రూపు ప్యాకెట్లు రెండు తీసి బల్ల మీద పెట్టింది, కలిపి చూడడానికి వాటి తోకల్లాంటి గొట్టాల్లోంచి నాలుగేసి చుక్కలు తీసి పెట్టుకుంది. అంతకంటే చేసేందుకు ఏమీ లేదు. ఫ్రిజ్ గుర్రుమంటోంది. పంతొమ్మిదేళ్లలో ఆ చప్పుడు అంత పెద్దదని ఆమెకెప్పుడూ అనిపించలేదు. తలుపు దాకా వెళ్లింది, కిటికీ దాకా వచ్చింది. తలుపు నుంచి కిటికీకి ఆరడుగులు. పైన ఏదో మంచం చక్రాలు కీచుమన్నాయి. అది ఏ వార్డు మంచమో తెలియదు. ఒంటిగంటైంది. ఒంటిగంటా మూడు. ఒంటిగంటా ఐదు.

ఒంటిగంటా ఆరుకి ఆయా చెయ్యి ట్రేని కిటికీలోంచి విసిరినంత పని చేసింది. "తీసుకోండి! మోకాళ్లు కాదు, నా గుండె రిటైరయ్యేట్టుంది."

కూతురి ట్యూబు వేడిగా ఉంది. లేబుల్ మీద ఇంకు ఇంకా ఆరలేదు. పేరులో రెండో అక్షరం జారి కిందికి దిగింది, నాలుగు అంకె ఒక పక్కకి ఒరిగింది, టైము పక్కన రక్తపు వేలిముద్ర ఉంది. నిన్నటిదాకా అయితే అది వెనక్కి వెళ్లే ట్యూబు. ఆమె మూత తీసింది.

నీలం చుక్క విరిగింది. ప్యాకెట్ రక్తంతో కలిపి గిర్రున తిప్పి వెలుతురుకి ఎత్తి చూసింది. విరగలేదు. ఒంటిగంటా పంతొమ్మిదికి రెండు ప్యాకెట్లూ కిటికీ దాటాయి. వెంటనే పలక కడిగి తొమ్మిదో నంబరు కొత్త ట్యూబు తెరిచింది. పసుపు చుక్క విరిగింది. బీ గ్రూపు ప్యాకెట్ దాని దారిన అదీ వెళ్లింది.

మూడున్నరకి కిటికీలో మొహం కనిపించింది. కిటికీలోంచి మొహం పూర్తిగా కనబడాలంటే మనిషి మోకాళ్ల మీద కూర్చోవాలి. పొడుగు సిస్టర్ అలాగే కూర్చున్నట్టుంది.

"ఆగిందమ్మా," అంది. "రెండో ప్యాకెట్ ఎక్కుతోంది. మాట్లాడుతోంది. మా అమ్మ ఏదని అడిగింది. కిందే ఉందన్నాను."

"తొమ్మిది?"

"చలి, జ్వరం వచ్చాయి. గంటగంటకీ మూత్రం చూస్తున్నారు. ఫర్వాలేదంటున్నారు. బిడ్డ బానే ఉన్నాడు, మగపిల్లాడు."

ఆమె నాలుగో నంబరు పాత ట్యూబుని కిటికీ చెక్క మీద పెట్టింది.

"మంచం దగ్గర రాయలేదా సిస్టర్?"

సిస్టర్ కళ్లు తుడుచుకుంది. "మంచం దగ్గర రాస్తే వంకరొస్తుంది. మీరు వెనక్కి పంపుతారు. అందుకని మూడు నెలల్నించి పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని అందరి లేబుళ్లూ రాసి ఖాళీ ట్యూబులకి అంటించి పెట్టుకుంటున్నాం. కావాల్సినప్పుడు పేరు చూసి తీసుకుని టైము ఒక్కటే వేస్తాం. ఇవాళ నాలుగు, తొమ్మిది ఒకే ట్రేలో ఉన్నాయి. ఒకావిడ అరుస్తోంది, ఒకావిడకి రక్తం పోతోంది. చెయ్యి మారిపోయింది." కిటికీ చెక్క పట్టుకుని లేవబోయింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది మేడమ్. నా ఉద్యోగం సంగతి మీ కాగితం మీదే ఉంటుంది. ఏం రాసినా నేనేమీ అనుకోను."

మొహం కిటికీలోంచి లేచిపోయి నడుమైంది, తర్వాత అదీ వెళ్లిపోయింది.

పొరపాటు జరిగిన రోజు డ్యూటీ దిగేలోపు టెక్నీషియన్ రిపోర్టు రాయాలి. ఆమె బల్ల ముందు కూర్చుని రాసింది. ఎక్కడ జరిగింది: లేబర్ వార్డు. ఏం జరిగింది: రెండు శాంపిళ్లు తారుమారు. కారణం అన్నచోట కలం ఆగింది. తర్వాత, "వార్డు సిస్టర్ రక్తం తీయకముందే ట్యూబులకి లేబుళ్లు అంటించడం వల్ల," అని రాసింది. నిజమే. ఒక్క మాటా అబద్ధం లేదు. అక్షరాలు తిన్నగా, విడివిడిగా ఉన్నాయి. చదివినవాళ్లెవరూ వెనక్కి పంపలేరు. కాగితం మడిచి కవరులో పెట్టింది గానీ అంటించలేదు.

సాయంత్రం డ్యూటీకి నాలుగింటికి రావలసిన టెక్నీషియన్ రాలేదు. అతని పిల్లాడికి బాగాలేదని, ఆరు దాటుతుందని కబురొచ్చింది. ఆమె తాళంచెవి నడుముకి అలాగే ఉంది.

అయిదున్నరకి అల్లుడి చెయ్యి, దాని పక్కన ఆయా చెయ్యి కనిపించాయి.

"అత్తయ్యా, డాక్టరమ్మ రెండు నిమిషాలకి ఒప్పుకుంది. మీరు పైకి రాలేరు కదా, దీన్నే తెచ్చాం."

"ఇంత చిన్న కిటికీలోంచి ఏం కనబడుతుందయ్యా," అంది ఆయా. "మొహం పట్టదు. ఇదిగో, ముందు కాలు చూసుకోండి మేడమ్. కాళ్లు కూడా మీవే. ఒక చోట నిలవట్లేదు."

తెల్ల బట్టలోంచి ఎర్రటి పాదం ఒకటి కిటికీలోకి వచ్చింది. ఆమె బొటనవేలితో మడమ తాకింది. మునివేళ్లు విచ్చుకుని మూసుకున్నాయి. చీలమండకి కాగితం చీటీ కట్టి ఉంది. అలవాటు కొద్దీ కళ్లు దాని మీదికే పోయాయి. తల్లి పేరు, మంచం నంబరు, తేదీ. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇది ఎక్కడ రాశారు?"

"ఏది, చీటీయా? పొద్దున నొప్పులప్పుడే రాసి పెట్టుకున్నారు, అందరివీ కలిపి," అంది ఆయా. "మీకు నచ్చేట్టు ఉండాలి కదా."

పదకొండింటికి ఆ వార్డులో పుట్టింది ఒక్క బిడ్డే. తొమ్మిదో నంబరు ఆవిడకి పుట్టింది ఆపరేషన్ గదిలో, మధ్యాహ్నం, అదీ మగపిల్లాడు. తారుమారయ్యేందుకు వీల్లేదు. ఆ లెక్క తెలిసి కూడా ఆమె చీటీ తిప్పి వెలుతురుకి పెట్టింది. చివర ఒక ఖాళీ వదిలి ఉంది. ఆ ఖాళీలో ఎవరో నిలబడి, కదిలే కాలు పట్టుకుని రాసిన మాట ఉంది. "ఆడ." మొదటి అక్షరం కిందికి జారింది, రెండోది చీటీ అంచు దాటి చర్మం మీదికి పోయింది. ఆ చీటీలో బిడ్డని చూసి రాసిన మాట అదొక్కటే.

"అత్తయ్యా, ఏమైంది?" అన్నాడు అల్లుడు.

"ఏం లేదు బాబూ. ఆడపిల్లే."

"అది పొద్దుటే చెప్పాగా!"

పాదం బట్టలోకి వెళ్లిపోయింది. ఆమె కవరులోంచి కాగితం తీసింది. బల్ల దాకా వెళ్లలేదు. కిటికీ చెక్క మీదే పెట్టి, నిలబడే, కారణం అన్నచోట ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. దాని కింద రాసింది: "వంకర రాత ఉన్న ట్యూబుల్ని నేను వెనక్కి పంపుతూ వచ్చాను. మంచం దగ్గర నిలబడి రాస్తే రాత వంకర వస్తుంది. అందుకని వాళ్లు ముందే కూర్చుని రాయడం మొదలుపెట్టారు." చెక్క గరుకుగా ఉంది. వరస పైకెక్కి కిందికి దిగింది.

కవరు లేకుండానే కాగితాన్ని ఆయాకి అందించింది. ఆయాకి చదవడం రాదు గానీ కొట్టివేత కనబడింది.

"ఇది వెనక్కొస్తుందేమో మేడమ్."

"రానీ," అంది ఆమె. "మళ్లీ ఇలాగే రాస్తాను."